ఎండ ఉన్న అంతస్తు

నగర పాలకుల అధికారి ఒకాయన మా మైదానంలో ఖాళీ దండేలను ఫొటో తీస్తుంటే నేను పైనుంచి చూశాను. టవరు మీద కొత్త స్లాబుకు కంబి కడుతున్నాను. కింద మా వాడ అరచెయ్యంత కనబడుతోంది. మైదానం మధ్యలో ఒక తెల్ల చొక్కా నిలబడి నలువైపులా ఫోన్ తిప్పుతోంది. పక్కనే టవరు కట్టిస్తున్న కంపెనీ మేనేజరు గొడుగేసుకుని ఉన్నాడు. మైదానం నిండా మా టవరు నీడే, అయినా ఆయనకు గొడుగు కావాలి.

మా అక్క తడిబట్టల బుట్ట నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది. మేనేజరు మనిషి ఒకడు ఆమెను భుజం పట్టి నెట్టాడు. బుట్ట బోర్లా పడి, ఆసుపత్రి దుప్పట్లు మట్టిలో పరుచుకున్నాయి. నేను అరిచాను. అంత ఎత్తు నుంచి ఎవరికి వినబడుతుంది?

కూలన్నలారా, చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ముందు ఆ మైదానం సంగతి వినండి. మా అమ్మమ్మల కాలం నుంచి అది బట్టలు ఉతికేవాళ్లది. బట్టలు ఆరేస్తున్నంత కాలం ఈ నేల మీకే చెందుతుంది, మానేసిన రోజు మళ్లీ మాది అని నగర పాలకులు రాసిచ్చారు. మాకు అదొక షరతుగానే తోచలేదు. ఆరేయకుండా మేమెలా బతుకుతాం? ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ల గుడ్డలు, పోలీసుల యూనిఫాములు అన్నీ అక్కడే ఆరేవి.

అప్పట్లో అక్కడ నిలబడి తలెత్తితే ఆకాశం అంచున మిల్లు పొగగొట్టం, ఆసుపత్రి నీళ్ల ట్యాంకు, అంతే. ఆ రెంటి మధ్య పొద్దు పొడిచేది. ఇప్పుడు ఆ వరసంతా టవర్లు లేచాయి. పై ఊళ్లనుంచి వచ్చేవాళ్లు బస్సు దిగగానే ఫొటోలు తీసుకుంటారు, నగరం ఎంత మారిపోయిందో అని ముక్కున వేలేసుకుంటారు. మారింది నిజమే. ఆ ఎత్తులన్నిటికీ నీడలుంటాయి, అవి ఎవరి కొంపమీదో పడతాయి, ఫొటోలో మాత్రం అది రాదు.

మా టవరు నీడ ఒక్కరోజులో రాలేదు. స్లాబు పడే కొద్దీ జరుగుతూ వచ్చింది. ఇస్త్రీ చేసే మా బావ మొదట్లో "మబ్బు పట్టిందే" అన్నాడు. ఆ మబ్బు మళ్లీ పోలేదు.

అప్పుడే మావాళ్లు ఒక పొరపాటు చేశారు. బట్టలుతికే వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. నీడలో ఆరిన గుడ్డ ముక్కిపోయిన వాసన కొడుతుంది. అలాంటి గుడ్డ తన దండెం మీద కనబడితే ఉతికే మనిషికి తల కొట్టేసినట్టుంటుంది. పరువు దక్కించుకోవాలని బట్టలన్నీ ఇళ్ల కప్పుల మీదికీ, సందుల్లోకీ, ఎండ పడే ప్రతి గోడ మీదికీ మోసుకుపోయారు. దండేలు ఖాళీ అయ్యాయి. కంపెనీవాడు ఆ రోజు కోసమే కాచుకుని కూర్చున్నాడు.

ఆ ఫొటోలు తీసిన వారం తిరక్కుండా మా వాడ గోడ మీద నోటీసు అంటించారు. ఆరేయడం మానేశారు కాబట్టి నేల వాపసు తీసుకుంటున్నారట. సోమవారం కంచె వేసి, టవరులో కాపురం ఉండబోయేవాళ్లు షికారు చెయ్యడానికి తోట పెంచుతారట.

ఆ సాయంత్రం బావ ఇస్త్రీ షెడ్డులో అందరూ చేరారు. టవరులో పనిచేసే మా కంబివాళ్లం కూడా వెళ్లాం. మేం అడుగు పెట్టగానే గంజవ్వ లేచింది. బట్టలకు గంజి పెట్టీ పెట్టీ ఆ పేరే మిగిలిన ముసలామె.

"వీళ్లనెందుకు రానిచ్చారే? మన ఎండ మింగిన కొంప కట్టింది వీళ్లే కదా!"

"మేం కట్టకపోతే ఇంకొకడు కడతాడవ్వా," అన్నాడు మా మేస్త్రీ.

"ఆ కబుర్లు నాకు చెప్పకు. నీ పొయ్యి వెలగాలని నా పొయ్యిలో నీళ్లు పోస్తావా?"

"మరి మా పిల్లలకేం పెట్టమంటావు? నీ గంజి పొయ్యమంటావా?"

కొందరు నవ్వారు. గంజవ్వ నవ్వలేదు. వెళ్లి మేస్త్రీ కాలరు పట్టుకుంది. ఇటు మావాళ్లు, అటు వాళ్లు లేచారు. ఇస్త్రీ బల్ల పక్కకు ఒరిగింది.

"ఆపండి!" అని అక్క కేక పెట్టింది. "మనం మనం జుట్లు పట్టుకుంటే ఆ మేనేజరు పైనుంచి చూసి చప్పట్లు కొడతాడు. ఒరేయ్ తమ్ముడూ, నిజం చెప్పు. బిల్డింగు అయిపోయాక నిన్ను లోపలికి రానిస్తారా?"

"గేటు దగ్గర కూడా నిలబడనివ్వరక్కా."

"మేస్త్రీ అన్నా, నిన్నో?"

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. గంజవ్వ కాలరు వదిలేసింది.

"అర్జీ పెడదాం," అన్నాడు బావ.

"ఎవరికి? ఆ ఫొటో తీసినాయనకేనా?" అని ఎవరో అన్నారు.

"పోనీ, రేపట్నుంచి తడివో పొడివో దండేల మీద పడేద్దాం."

"ముక్కిన గుడ్డ నేను వెయ్యను," అంది అక్క. "రోగుల ఒంటి కింద పరిచేది అది. మన ఎండ ఎటూ పోలేదు, పైకి పోయింది. మనమూ ఆ టవరు పైకే పోదాం. మనం ఆరేయడం మానలేదని నగరమంతా తలెత్తి చూడాలి. నోటీసు చించేదాకా దిగొద్దు."

నాకైతే భయం వేసింది. పని పోతుందని వేసింది, అక్క పడిపోతుందని అంతకన్నా ఎక్కువ వేసింది. పై స్లాబుకు అంచు గోడలు లేవు.

"కాలు జారితే ఎముక కూడా దొరకదమ్మా," అన్నాడు మేస్త్రీ. తల గోక్కున్నాడు. మా ముఖాలు చూశాడు. "లోపలి స్తంభాలకు తాళ్లు కడదాం. అంచుల్లో మేం నిలబడతాం. ఇంత కంబి కట్టినోళ్లం, దండెం కట్టలేమా?"

సోమవారం పొద్దున్నే బావ మా కంబివాళ్లలో కలిసిపోయాడు, మా ఆడవాళ్లు తడిబట్టల బుట్టల మీద గోనెసంచులు కప్పి, ఇసక మోసే కూలీల్లో కలిసి గేటు దాటారు. బుట్ట మోసే ఆడమనిషి ముఖం ఎవడు చూస్తాడు? సామాను లిఫ్టు నడిపే అతను సంచి ఎత్తి తొంగి చూశాడు. "ఇవాళ ఇసక బాగా తెల్లగా ఉందే," అని మీట నొక్కాడు.

పైకి రాగానే గంజవ్వ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇంత ఎండా! అంతా ఇక్కడ దాచుకున్నారట్రా దొంగవెధవలు!" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

మేం తాళ్లు బిగించాం, వాళ్లు విదిలించి ఆరేశారు. దుప్పట్లు, గుడ్డలు, యూనిఫాములు స్లాబంతా నిండిపోయాయి. కింద బస్టాపులో జనం తలలెత్తారు. ఆసుపత్రి కిటికీల్లోకి నర్సులు వచ్చారు. పక్క టవర్ల మీద కూలీలు పనాపి ఇటే చూస్తున్నారు. కంచె స్తంభాలు తెచ్చిన లారీ మైదానం దగ్గరే ఆగిపోయింది.

పోలీసులు రానే వచ్చారు. వెనకే మేనేజరు.

"తియ్యండి ఇవన్నీ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆరలేదు సార్," అంది అక్క.

"ఎగతాళిగా ఉందా?"

"ఆరేయడం మానేశామని నోటీసులో రాశారు కదా. మానలేదు, కళ్లారా చూస్కోండి. నోటీసు చించాక తీస్తాం."

"సార్, అది నా చొక్కాలా ఉంది," అని గొణిగాడు ఓ కానిస్టేబులు. ఇన్‌స్పెక్టరు ఉరిమి చూశాడు.

మేనేజరు మేస్త్రీ మీదికి వచ్చాడు. "కింద కాంక్రీటు లారీలు నిలబడి ఉన్నాయి, గట్టిపడిపోతోంది! పని మొదలెట్టకపోతే మీ అందరికీ ఇవాళే ఆఖరు!"

మేస్త్రీ హెల్మెట్ తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. "అయితే మిగతా స్లాబు మీరే పొయ్యండి సార్."

కర్రలు లేచాయి. బావ తల పగిలింది. అక్కను జడ పట్టి ఈడ్చారు. అంచు దగ్గర మా కుర్రాడొకడు తూలితే పదిమందిమి పట్టుకున్నాం. అది చూసి పోలీసులకే ముచ్చెమటలు పట్టాయి. అక్కను, గంజవ్వను, మేస్త్రీని లిఫ్టులోకి తోశారు. దిగిపోతున్న లిఫ్టులోంచి అక్క గొంతు వినబడింది.

"తమ్ముడూ! ఇంకా ఆరలేదు! ఎవర్నీ తియ్యనివ్వొద్దు!"

మేం దండేల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డాం. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. పక్క టవర్ల కూలీలు, సందుల్లోంచి ఆడవాళ్లు, తడిమూటలతో ఎక్కి వస్తున్నారు. ఇంతమందిని ఆ గోడల్లేని స్లాబు మీద కొట్టడానికి ధైర్యం చాలక, పోలీసులు కింది అంతస్తుకు దిగి మరింత బలగం కోసం ఫోన్లు చేస్తున్నారు. అక్కను ఎక్కడికి తీసుకెళ్లారో ఎవరూ చెప్పడం లేదు. నోటీసు గోడ మీద అలాగే ఉంది.

తలకు గుడ్డ కట్టుకున్న బావ ఒక దుప్పటి పట్టి చూశాడు. ఆ ఎండకు గలగలలాడేలా ఎండిపోయింది.

"ఆరిపోయాయి బామ్మర్దీ," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడేం చేద్దాం?"

కొత్తగా పోసిన స్లాబు పగలకుండా తడిపే నీళ్ల పైపు ఓ మూల పడి ఉంది. తీసుకొచ్చి, మొదటి దండెం దగ్గర్నుంచి ఒక్కొక్క దుప్పటీ తడపడం మొదలుపెట్టాను.