వేడెక్కాకే ధర

టీవీ తాత దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పాత వస్తువు ఏది తెచ్చినా సరే, ఒక గంటసేపు నడిపించి చూడందే ఆయన ధర చెప్పడు. ఎంత తొందరపెట్టినా, ఎంత బతిమాలినా అంతే.

“మనుషుల్లాగేనమ్మా ఇవీనూ. మొదటి పది నిమిషాలూ ఎంతో బుద్ధిమంతుల్లా ఉంటాయి. ఒళ్ళు వేడెక్కితేగానీ అసలు గుణం బయటపడదు,” అంటూ తాత నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, బల్ల మీది స్క్రూలనూ తీగముక్కలనూ మోచేత్తో పక్కకు నెట్టాడు.

“అయితే మా గువ్వని కూడా ఓ గంట ఇక్కడ పెట్టి వెళ్తాను తాతగారూ. దాని గుణమేంటో పదమూడేళ్ళ నుంచీ మాకెవరికీ తెలీడం లేదు,” అంది వదిన పకపకా నవ్వుతూ.

గువ్వ తల దించుకుంది. మామూలుగా అయితే అది సిగ్గు. ఈరోజు మాత్రం భయం.

పది మాటలకు ఒక్క మాట బదులిచ్చే పిల్ల కాబట్టి ఇంట్లో ఆమెకు గువ్వ అనే పేరు స్థిరపడిపోయింది. మేనత్త కూతురైన వదిన అందుకు పూర్తిగా ఎదురు. ఆమె వస్తోందని వీధి మలుపులోనే ఇల్లంతటికీ తెలిసిపోతుంది. ప్రతి ఆదివారం వచ్చి చాప మీద బోర్లా పడుకుని “రెడీయా?” అని కేకేసేది. గువ్వ వైర్లన్నీ తగిలించి, క్యాసెట్ పెట్టి, కంట్రోలర్ చేతికందిస్తే అప్పుడు ఆట మొదలయ్యేది. రెండు కప్పలు మెట్లెక్కే ఆట. ఒక కప్ప ఎంత ముందుకెళ్ళినా, రెండోది వచ్చేదాకా తెర కదలదు.

ఆ వీడియో గేమ్ పెట్టెను గువ్వ నాన్న, అత్త చిన్నప్పుడు చెరి సగం డబ్బులేసుకుని కొన్నారు. ఇప్పుడు అదే లెక్కన పిల్లలిద్దరికీ చెరి సగం వచ్చింది. వచ్చే వారం వదిన నర్సు శిక్షణకు హాస్టల్‌కి వెళ్తోంది. తెల్ల బూట్లు కొనాలి, నాడి చూడడానికి సెకన్ల ముల్లున్న వాచీ కొనాలి. అందుకని తన సగం అమ్మేస్తానంది. గువ్వ కొనుక్కుంటే సరే, లేకపోతే పెట్టె మొత్తం తాతకే ఇచ్చేసి డబ్బు పంచుకోవాలి. ధర తాత చెప్పినట్టే.

గువ్వ దగ్గర రెండు వేల ఆరువందలు ఉన్నాయి. అమ్మ కుట్టే చొక్కాలకు రెండేళ్ళుగా గుండీలు కుట్టి కూడబెట్టినవి. అవి చాలవని ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే నిన్న సాయంత్రం ఒక పని చేసింది.

ఆ పెట్టెకు రెండు అడాప్టర్లున్నాయి. రెండూ నల్లటివే, చూడడానికి కవల పిల్లలే. పాతది కాసేపటికి వేడెక్కి తెర నిండా చారలు తెప్పిస్తుందని నాన్న రెండేళ్ళ క్రితం కొత్తది కొని, పాతదాన్ని గుండీల డబ్బాలో పడేశాడు. వైర్ల జోలికే రాని వదినకు ఈ సంగతి తెలియదు. గువ్వ కొత్తదాన్ని ఇంట్లో దాచి, పాతదాన్ని సంచిలో పెట్టుకొచ్చింది.

తాత తన పాత టీవీకి పెట్టెను తగిలించాడు. కప్పలు గెంతడం మొదలుపెట్టాయి.

“మీరిద్దరే ఆడండి. నేను చూస్తూ ఉంటాను,” అన్నాడు తాత. చూస్తూనే పెట్టె మూలల మీద వేలు నడిపాడు. “పగుళ్ళు లేవు. రంగు కాస్త పసుపు తిరిగింది, వయసు మీద పడింది కదా. మీటలు గట్టిగానే ఉన్నాయి. ఎవరో బాగా చూసుకున్నారే!”

“ఇంకెవరు, ఇదే. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. చిప్స్ తిన్న చేతులతో వస్తే నాకు కంట్రోలర్ ఇవ్వకుండా తువ్వాలు ఇచ్చేది,” అంది వదిన.

గువ్వ కప్ప మెట్టు తప్పి నీళ్ళలో పడింది.

“ఏమైందే ఇవాళ? నిద్రలో ఆడుతున్నావా?”

పావుగంట గడిచిందో లేదో, తెర మీద సన్నటి చార ఒకటి పైనుంచి కిందికి జారింది. వెనకే రెండోది. చూస్తుండగానే కప్పలు, మెట్లు, నీళ్ళు అన్నీ కలిసి ముద్దయిపోయాయి.

“అయ్యో, అయ్యో! మొన్న ఆదివారం కూడా బంగారంలా ఉంది తాతగారూ! అమ్ముతానని అనగానే అలిగిందా ఏంటి?” వదిన లేచి టీవీ నెత్తిన ఒకటి వేసింది.

“నా టీవీని కొట్టకు తల్లీ, అదేం పాపం చేసింది?” తాత మీటర్ తీసి అడాప్టర్‌కు పెట్టి చూశాడు. “ఇది సరిగ్గానే చూపిస్తోంది. అయినా మీటర్‌ని పూర్తిగా నమ్మడానికి లేదు. ఇంకో అడాప్టర్ తగిలిస్తేగానీ తప్పు దీనిదా, పెట్టెదా అన్నది తేలదు. ఈ రకం పిన్ను నా దగ్గర లేదు. మీ ఇంట్లో ఇంకోటి ఏమన్నా ఉందా?”

వదిన గువ్వ వైపు చూసింది. గువ్వ తల అడ్డంగా ఊపిందో, ఊరికే కదిపిందో ఆమెకే తెలియదు.

“లేకపోతే నేను చేయగలిగిందేం లేదు,” తాత నిట్టూర్చాడు. “లోపల పోయిందనే అనుకోవాలి. పదిహేను వందలు. అంతకన్నా ఒక్కటి ఎక్కువ చెప్పినా నా మనసొప్పుకోదు.”

అందులో సగం ఏడువందల యాభై. గువ్వ అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. పెట్టె ఆమెదే అవుతుంది. ఇంకా డబ్బు మిగులుతుంది కూడా.

వదిన కంట్రోలర్ బల్ల మీద పెట్టి, గువ్వ జడ పట్టుకుని చిన్నగా లాగింది.

“వద్దులేవే. పాడైన దానికి నీ దగ్గర డబ్బులేం తీసుకుంటాను? ఊరికే ఉంచుకో.”

“మరి నీ బూట్లు?”

“ఎవరో ఒకరి పాతవి దొరక్కపోవు. కాస్త వదులైతే లోపల దూది కుక్కుకుంటా. నర్సుల దగ్గర దూదికేం కరువు?” అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గువ్వకు చెవులు భగ్గుమన్నాయి. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఆమెకు కష్టమైన పనేం కాదు, పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే. కానీ ఇవాళ ఊరుకోవడం అబద్ధం చెప్పడంతో సమానమైపోయింది. దూది కుక్కిన బూట్లతో వదిన ఆసుపత్రి వరండాలో ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

“పెట్టె పోలేదు,” అంది.

“ఆఁ?” అన్నాడు తాత.

“పెట్టె బాగుంది. ఆ అడాప్టర్‌దే తప్పు. మంచిది ఇంట్లో ఉంది. నేనే… నేనే కావాలని తేలేదు.”

అంత పొడుగు మాట ఆమె నోట ఒక్కసారిగా రావడం వదినకు తెలిసి ఇదే మొదటిసారి. మెచ్చుకునే సమయం మాత్రం కాదు. వదిన కళ్ళెర్రజేసింది.

“అంటే నన్ను మోసం చేద్దామనుకున్నావా?”

గువ్వ అవునన్నట్టు తలూపింది.

“వెళ్ళు. వెళ్ళి పట్రా.”

రెండు వీధులు. గువ్వ ఆగకుండా పరిగెత్తింది. వచ్చేసరికి ఊపిరి అందడం లేదు, చేతిలో అడాప్టర్ చెమటతో తడిసింది. తాత దాన్ని తుడిచి తగిలించి, గోడ గడియారం వంక చూసి, “మళ్ళీ మొదటినుంచి, గంట,” అన్నాడు.

ఆ గంటలో మొదటి అరగంట పోట్లాటంతా తెర మీదే. వదిన కప్ప కోపంగా నాలుగు మెట్లు ముందుకెళ్ళి నిలబడేది. తెర కదిలేది కాదు. గువ్వ కప్ప వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది.

“ఎందుకు చేశావే?” అంది వదిన తెర మీంచి చూపు తిప్పకుండా.

“ఇది పోతే నువ్వు ఇంక మా ఇంటికి రావు కదా.”

వదిన కప్ప నీళ్ళలో పడింది. “నా కప్పని చంపేశావు కదే!” అంది. గొంతులో కోపం సగానికి సగం తగ్గింది. “ఇంకోసారి ఇలాంటి వేషాలేస్తే నేర్చుకున్న సూదులన్నీ ముందు నీకే పొడుస్తా, చూసుకో.”

గంట గడిచింది. ఒక్క చార కూడా రాలేదు.

“ఇప్పుడు చెబుతా, వినండి,” తాత కాగితం ముందుకు లాక్కున్నాడు. “నేనైతే దీన్ని ఎనిమిది వేలకు అమ్ముతాను. మీ దగ్గర మాత్రం ఆరున్నర వేలకే కొంటాను. మిగతాది నా అద్దె, నా తిండి. మీలో మీరు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు నా తిండి లెక్కెందుకు? ఆరున్నరే వేసుకోండి. సగం మూడువేల రెండువందల యాభై.”

గువ్వ ముఖం వాడిపోయింది. ఆరువందల యాభై తక్కువ. వదినను తర్వాత ఇస్తానని అడిగే ముఖం తనకు లేదు. కాగితం వైపు, చేతిలోని కంట్రోలర్ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, “తాతగారూ, ఒక్క కంట్రోలర్ ఎంత?” అని అడిగింది.

“విడిగానా? ఈ స్థితిలో ఉన్నది… ఆరువందల యాభై పెట్టొచ్చు.”

గువ్వ ఒక కంట్రోలర్ పిన్ను ఊడదీసి, తన డబ్బుల పొట్లంతో కలిపి వదిన ముందు పెట్టింది.

“ఇది నీది. డబ్బుల్లో తగ్గింది దీంతో సరిపోతుంది.”

“హాస్టల్లో దీన్నేం చేసుకోను? బట్టలారేసుకోనా?”

“నీ దగ్గరుంచుకో. ఇది లేకపోతే నేనొక్కదాన్నే. నా కప్ప మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది.”

వదిన కంట్రోలర్ వంకా, గువ్వ వంకా మార్చి మార్చి చూసింది. “తాతగారూ, దీన్ని గువ్వ అన్నవాళ్ళెవరండీ? గద్ద ఇది, గద్ద!” అంటూనే వైరు చుట్టి సంచిలో వేసుకుంది. “నెలకి ఒక్క ఆదివారం వస్తా.”

“మూడు.”

“ఏంటి? సెలవులు నువ్విస్తావా? ఒకటి.”

“మూడు,” అంది గువ్వ.

“చెప్పండి తాతగారూ, న్యాయంగా ఎన్నో మీరే చెప్పండి!”

తాత కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి తోసుకున్నాడు. “ఆ బేరంలోకి నన్ను లాగకండి,” అని పాత అడాప్టర్ విప్పడానికి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

“ఒకటిన్నర,” అంది వదిన.

“అర ఆదివారం ఎలా వస్తావు?”

“భోజనానికొచ్చి వెళ్ళిపోతా.”

“అయితే రెండు,” అంది గువ్వ. మిగిలిన పెట్టెను గుండెలకు హత్తుకుని, వదిన కంటే ముందు దుకాణం మెట్లు దిగింది.