అందరికీ తెలియజేయునది

అమ్మ పోయిన నెలలోనే నా మెయిళ్ళు తిరిగి రావడం మొదలైంది. ఇలా పంపానో లేదో, అలా గుమ్మంలోంచి తోసేసినట్టు వచ్చి పడేవి. అప్పటికి అమ్మ ఇంకా ఆసుపత్రి శవాగారంలోనే ఉంది. మనిషి పోయిన ఏడో రోజున అందరూ చేరే వారం కూర్చోవడం అయింది కానీ మట్టికి తేదీ కుదరలేదు. ఘనాలో, మా టెచిమాన్‌లో ఇంటి పెద్దను పోయిన వెంటనే పాతిపెట్టరు. రావలసినవాళ్ళంతా రావడానికి వ్యవధి ఇస్తారు.

నాది జీడిపిక్కల వ్యాపారం. అమ్మ మొదలుపెట్టింది, నేను పెంచాను. తోటల్లో కొని, ఎండబెట్టి, గోనెలకెత్తి, టేమా రేవు మీదుగా వియత్నాం పంపుతాం. పిక్కలు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. కొనేవాడు చూసేది పేరు. మా దగ్గర ఎక్కువగా కొనే థిన్ అనే వ్యాపారిని ఒకప్పుడు ఎవరో మరో సంస్థ పేరు పెట్టుకుని, ఊరికే దొరికే మెయిల్ నుంచి రాసి నిలువునా ముంచారు. అప్పటినుంచి అతను సంస్థ సొంత డొమైన్ నుంచి వచ్చిన మెయిల్‌ని తప్ప దేన్నీ లెక్కలోకి తీసుకోడు. ఫోన్లో చెబితే మర్యాదగా వింటాడు. "మెయిల్ పెట్టండి" అని పెట్టేస్తాడు.

ఆ ఏడాది సరుకంతా గోదాములోనే ఉంది. థిన్ ఓడలో చోటు ఉందనీ, ధర, నాణ్యత నివేదిక వెంటనే పంపమనీ అడిగాడు. దక్షిణం నుంచి మబ్బులు ఎక్కివస్తున్నాయి. తేమ తగిలిన పిక్క లోపల నల్లబడుతుంది, దాన్ని ఎవరూ కొనరు. నా మాట మీద సరుకు ఇంకొకరికి అమ్మకుండా ఆపుకున్న రైతులు రోజూ వచ్చి ఆకాశం వంకా నా వంకా చూసి పోతున్నారు. ఒక్క మెయిల్ అటు చేరాలి. అది చేరడం లేదు.

మాన్సాకి కబురు చేశాను. బజారు వెనక ఆమెకు కంప్యూటర్ల దుకాణం ఉంది. మా సంస్థ డొమైన్, సర్వర్ చూసేది ఆమే. వచ్చీరాగానే గుమాస్తా యెబోవాను కుర్చీలోంచి లేపి తను కూర్చుంది.

"పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నాకూ యెబోవాకీ."

"ఇంకా గోడ మీద అంటించలేదు కదా? మీలాంటివాళ్ళను చూశాన్లే మేడమ్."

దొంగలెవరైనా చొరబడ్డారేమో ముందు చూసింది. ఎవరూ లేరు. తర్వాత చెత్త మెయిళ్ళు పంపేవాళ్ళను ఎక్కించే నల్లజాబితాలు ఒక్కొక్కటీ తెరిచి మా వివరాలు కొట్టి వెతికింది. కొన్నిటిలో ఏమీ లేదు. రెండింటిలో ఎర్ర గుర్తు వచ్చింది.

"ఒకదాంట్లో మీ ఐపీ పడింది. రెండోదాంట్లో మీ పేరే పడింది."

"నా పేరా?"

"మీ డొమైన్ మేడమ్. మెయిల్‌లో ఆ గుండ్రటి గుర్తు తర్వాత ఉంటుందే, అది. ఐపీ అంటే అద్దిల్లు అనుకోండి. బాలేకపోతే ఇంకో ఇంట్లోకి మారొచ్చు. పేరు మార్చుకుని ఎక్కడికి పోతారు? థిన్ ఆ పేరు చూసే కదా తలుపు తీసేది?"

ఆమె సర్వర్ చిట్టా కిందికి జరుపుతూ ఒకచోట ఆగింది.

"ఇదిగో, ఈ తేదీన, మంగళవారం నాడు, ఏం చేశారు? ఏడాది మొత్తం మీద పంపేటన్ని మెయిళ్ళు ఒక్క పొద్దున్నే పోయాయి."

వాటిలో ఒకటి తెరిచింది. తెర నిండా మా అమ్మ.

ఎరుపు, నలుపు అంచు. మధ్యలో పూసల దండ వేసుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని అమ్మ. పైన పెద్ద అక్షరాలతో "పిలుపు అందుకున్న తల్లి". కింద అన్నదమ్ముల పేర్లు, అక్కచెల్లెళ్ళ పేర్లు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, మనవలు. అన్నిటికన్నా కింద, రాలేనివాళ్ళు చావు చదివింపులు పంపడానికి ఫోన్ నంబర్. మా దగ్గర ఆ నంబర్ వేయకపోతే తప్పు పడతారు. ఇవ్వాలనుకున్నవాడి చెయ్యి పట్టుకుని ఆపినట్టు.

వారం కూర్చోవడానికి ముందు మా మేనమామ ఈ ప్రకటన తెచ్చి యెబోవాకిచ్చి "అందరికీ పంపు" అన్నాడు. యెబోవా అందరికీ పంపాడు. సంస్థ పుట్టినప్పటినుంచీ మాకు చేరిన ప్రతి చిరునామాకీ. కొన్నవాళ్ళకీ, ధర అడిగి కొననివాళ్ళకీ, ఓడల ఏజెంట్లకీ, ఎప్పుడో ప్రదర్శనలో కార్డు ఇచ్చి పోయినవాళ్ళకీ, ఒకసారి టికెట్ కొన్న విమానాల ఆఫీసుకీ.

మాన్సా తెర మీదినుంచి చూపు తిప్పి నన్ను చూసింది.

"కోప్పడకండి మేడమ్. హాంబర్గ్‌లో ఒకాయన ఉన్నాడు అనుకోండి. ఎప్పుడో మీకు కార్డిచ్చాడు, మర్చిపోయాడు. పొద్దున్నే కాఫీ తాగుతూ మెయిల్ తెరిచాడు. ఘనా నుంచి. ఎవరో తల్లి చనిపోయింది. కింద డబ్బు పంపే నంబర్. ఏమనుకుంటాడు?"

"అది నిజంగా మా అమ్మ."

"నాకు తెలుసు. వారం నాడు నేనొచ్చి కూర్చున్నాను కదా. ఆయనకేం తెలుసు? స్పామ్ అని నొక్కుతాడు. ఇలా ఎంతమంది నొక్కారో."

"చదివినవాడికి మనిషి బాధ కనిపించదా?"

"జాబితా పెట్టేవాళ్ళు లోపల ఏముందో చదవరు. ఈ మనిషి మీ దగ్గరనుంచి మెయిల్ కావాలని అడిగాడా, అడగలేదా. అంతే వాళ్ళ లెక్క."

"చావు కబురు అడిగితేనే చెబుతారా ఎక్కడైనా?"

ఆమె ఇంకో సంగతి చెప్పింది. ఎవరూ వాడకుండా వదిలేసిన పాత చిరునామాలు కొన్ని ఉంటాయి. మనిషి పోయి ఉండవచ్చు, సంస్థ మూతపడి ఉండవచ్చు. జాబితాలవాళ్ళు అలాంటివాటి వెనక కాపు కాస్తారు. అక్కడికి ఉత్తరం వచ్చిందంటే, రాసినవాడు ఎవరినీ అడగకుండా రాసేవాడని తేల్చుకుంటారు.

"అవి ఏవో చెబితే తీసేస్తాం."

"చెప్పరు. చెబితే కాపు ఎందుకు? అందుకే పాతవన్నీ తీసెయ్యాలి."

అంటే మేము చావు కబురు చచ్చిపోయినవాళ్ళ తలుపులు కూడా కొట్టి చెప్పామన్నమాట. వాళ్ళు ఎప్పుడు పోయారో మాకు ఎవరూ చెప్పలేదు.

ఐపీ ఉన్న జాబితా, మేము చెత్త పంపడం మానితే దానంతటదే వదిలేస్తుందని మాన్సా చెప్పింది. డొమైన్ సంగతి వేరు. విన్నపం రాయాలి. ఏం జరిగింది, ఏం సరిచేశారు, మళ్ళీ జరగదని ఏమిటి నమ్మకం అని అడుగుతారు.

"ఒకసారి వదులుతారు. వదిలాక మళ్ళీ ఇదే చేస్తే ఇంక వినరు. ముందు చిరునామాలు కోసెయ్యండి, తర్వాత రాద్దాం."

మేమిద్దరం ఆ పనిలో ఉండగానే మామయ్య వచ్చాడు. ఒపానిన్ గ్యాబా, అంటే పెద్దాయన గ్యాబా. మా అమ్మ తమ్ముడు, మా వంశానికి పెద్ద. చంకలో అచ్చాఫీసు నుంచి తెచ్చిన కాగితాల చుట్ట. వచ్చి పిక్కల గోనె మీద కూర్చున్నాడు.

"తేదీ కుదిరింది టాచీవా. ఇదిగో. ఇది కూడా అందరికీ పంపించు."

"పంపడానికి లేదు మామయ్యా."

"లేదంటే? కరెంటు లేదా?"

"కరెంటు ఉంది. పేరే లేదు."

జరిగినదంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"ఎవరు వాళ్ళు? ఏ ఊరి పెద్దలు? మనింట్లో చావు ఎవరికి చెప్పాలో వాళ్ళు చెబుతారా?"

"ఏ ఊరో నాకూ తెలీదు. కానీ థిన్ గుమ్మం దగ్గర కాపలా వాళ్ళదే."

"మొదటి కబురు అందినవాడికి రెండోది అందకపోతే ఏమనుకుంటాడు? వీళ్ళ ఏడుపు వినడానికి పనికొచ్చాను, శవం వెంట నడవడానికి పనికిరాలేదు అనుకోడూ? నిన్ను ఎవరూ అనరు. పిల్ల వ్యాపారంలో పడి మర్చిపోయిందని సర్దుకుంటారు. నన్నంటారు. గ్యాబా బతికుండగానే ఆ ఇల్లు ఇలా అయిందంటారు."

"నువ్వు కూర్చున్న గోనె చూడు మామయ్యా. ఇలాంటివే గోదాము నిండా ఉన్నాయి."

"మీ అమ్మను సాగనంపడం కన్నా పిక్కలు అమ్మడం ఎక్కువా నీకు?"

మాన్సా తల వంచుకుని కీబోర్డు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఏడుపులో బేరం చేసినవాడు రెండు వైపులా నష్టపోతాడని అమ్మను చూసి నేర్చుకున్నాను. మొదటి కబురుకు ఎంతమంది బదులు రాశారో తీయమని యెబోవాతో చెప్పాను. అచ్చు తీస్తే వచ్చినవి కొద్ది పేజీలే. మేం పంపినదాని ముందు అవి గోనెలోంచి పిడికెడు పిక్కలు.

"వీళ్ళు మన ఏడుపు విని పలికారు. వీళ్ళలో ప్రతి ఒక్కరికీ నేనే కూర్చుని విడిగా రాస్తాను. చదివింపుల నంబర్ ఉండదు. ఈ చుట్టుపక్కలవాళ్ళకు రేడియోలో చెప్పిద్దాం, ఫోన్లు చేద్దాం, మనిషిని పంపుదాం. మిగతా చిరునామాలు తీసేస్తున్నాను."

"తీసేస్తావా."

"తీసెయ్యాలి."

"చదువు."

చదివాను. పేరు చదవడం, తీసెయ్యడం. ఒకటి, ఇంకొకటి. మామయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. కొన్ని పేర్లకు పెదవులు కదిలాయి. ఆ మనుషులు అమ్మతో ఈ గోదాములోనే కూర్చుని, గిన్నెలో ఫూఫూ ముద్ద తిని, బేరం తెగక లేచిపోయి, మళ్ళీ వచ్చినవాళ్ళు. ఆపమని మాత్రం అనలేదు.

చదవడం అయ్యాక అడిగాడు, "ఆ విన్నపంలో ఏం రాస్తున్నారు?"

మాన్సా రాసింది చదివి అతనికి అర్థమయ్యేలా చెప్పాను. మా సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున, అడగనివాళ్ళకు మెయిల్ పంపాడు. చిరునామాలు తొలగించాం. మళ్ళీ జరగదు.

"ఉద్యోగి ఎవరు? యెబోవానా? వాడేం చేశాడు? అందరికీ అన్నది నేను. నా పేరు రాయండి."

"అక్కడ పేర్లు ఎవరూ చదవరు తాతగారూ," అంది మాన్సా.

"చదవకపోతే మానె. వంశపెద్ద ఒపానిన్ గ్యాబా పంపమన్నాడు, ఇప్పుడు ఆయనే ఆపమన్నాడు అని రాయి. పొరపాటు అని రాయొద్దు. చావు చెప్పడం పొరపాటు కాదు. అడగనివాళ్ళకు చెప్పాం, ఇంక చెప్పం. అంతే రాయి."

ఆమె నా వంక చూసింది. రాయమన్నాను.

జవాబు వచ్చేలోపు ఒక వాన పడింది. గోదాము కప్పు కింద టార్పాలిన్లు పట్టుకుని నేనూ కూలీలూ నిలబడ్డాం. ఒక మూల గోనెలు తడిశాయి. వాటిని విప్పి పరిచి ఆరబెట్టాం కానీ అవి పోయినట్టేనని అందరికీ తెలుసు.

జవాబు ఒక్క వాక్యం. మీ విన్నపం అంగీకరించబడింది, మీ డొమైన్ తొలగించబడింది. కింద సంతకం లేదు. మేం రాసినదాన్ని మనిషి చదివాడో, యంత్రం చదివిందో ఇప్పటికీ తెలియదు. మాన్సా జాబితాలన్నీ మళ్ళీ వెతికి, తన మెయిళ్ళకు రెండు పంపి చూసుకుని, తల ఊపింది. థిన్‌కు ధర, నివేదిక పంపాను.

అతను మర్నాడు రాశాడు. నా నుంచి ఏమీ రాకపోయేసరికి ఓడలో కొంత చోటు ఇంకొకరికి ఇచ్చేశాననీ, మిగిలిన చోటుకు సరిపడా తీసుకుంటాననీ. సరుకులో ఎక్కువ భాగం వెళ్ళింది. మిగిలినది ఇక్కడే వచ్చిన ధరకు వదిలించుకున్నాను. రైతులకు ముఖం చూపించగలిగాను. ఆ ఏడాదికి నేను ఆశించగలిగింది అంతే.

థిన్ అమ్మ గురించి ఒక్క మాట రాయలేదు. అతనికి తెలియదు. మా ప్రకటన అతని గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. చెబుదామని రెండు మూడు సార్లు వేళ్ళు ఆడించి మానేశాను. అడగనివాళ్ళకు ఇంక చెప్పం అని రాసిచ్చాం కదా.

అమ్మను మట్టికి ఇచ్చిన రోజు మైదానం ఎరుపూ నలుపూ బట్టలతో నిండింది. పందిళ్ళ కింద కుర్చీలు చాలక పక్కింటి బల్లలు తెచ్చాం. ఎండ పెనంలా ఉంది. వచ్చినవాళ్ళు వరసగా చేతులు కలుపుతూ పోతుంటే ఒక ముసలాయన మాత్రం చెయ్యి ఇవ్వకుండా మామయ్య ముందు ఆగిపోయాడు. సరిహద్దు అవతల బొండుకూలో లారీల యజమాని. అమ్మ సరుకు మోసినవాడు. అతని పేరు నేను తీసేసినవాటిలో ఉంది.

"వారం కూర్చోవడానికి నాకు కబురు పెట్టారు. ఇవాళ్టికి పెట్టలేదు. మా డ్రైవరు చెబితే తెలిసింది. నా వల్ల ఏం తప్పు జరిగింది గ్యాబా?"

జాబితాల సంగతి చెప్పడానికి నేను లేచాను. మామయ్య నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డంగా పెట్టాడు. తను లేచాడు. ఎడమ భుజం మీది బట్టను కిందికి జార్చాడు. చెప్పుల్లోంచి ఒక కాలూ, తర్వాత రెండో కాలూ తీసి కాలుతున్న నేల మీద నిలబడ్డాడు. మా దగ్గర పెద్దవాళ్ళు క్షమించమని అడిగేది అలాగే.

"నీ తప్పేం లేదు. కబురు ఆపించింది నేను."

ముసలాయన ఆ పాదాల వంక చూస్తూ ఉండిపోయాడు.

"వేసుకో, వేసుకో. కాలుతుంది," అని పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అతని వెనక వరసలో అదే ప్రశ్న ముఖాన పెట్టుకుని ఇంకొకరు నిలబడి ఉన్నారు. ఆ రోజు మామయ్య చెప్పులు తొడుక్కుని ఉన్నది చాలా తక్కువసేపు.