నులిమితే వచ్చే మనిషి

పొద్దు వాలేసరికి దుర్గ ఎండుచేపల గంప దించి, చేతులు కడుక్కుని, కూతుర్ని పిలిచేది. దేవి వచ్చి గుమ్మానికి ఎదురుగా కూర్చుని, వేళ్ళ కణుపులతో రెండు కళ్ళూ గట్టిగా నులుముకునేది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారగానే తండ్రి ధనరాజు గుమ్మంలో నిలబడేవాడు. లుంగీ తడిసి ఉండేది. కాళ్ళ కింద ఉప్పునీళ్ళు మడుగు కట్టేవి.

పైలిన్ తుపాను సద్దుమణిగాక మొదటి వేటకి వెళ్ళాడతను. తెప్ప తిరిగొచ్చింది గానీ మనిషి రాలేదు, శవమూ దొరకలేదు. కొన్నాళ్ళకి దేవి ఏడుస్తూ కళ్ళు నులుముకుంటే ఇలా వచ్చాడు. పిల్ల కళ్ళు మండినంతసేపూ ఉంటాడు, చల్లారితే పోతాడు. శ్రీకూర్మం చుట్టుపక్కల రేవుల్లో ఇదెవరికీ వింతగా తోచలేదు. సముద్రం మీదకి వెళ్ళినవాడు ఏదో ఒక దారిన ఇల్లు చేరాలి కదా.

ధనరాజు తల్లి తాతమ్మకి మాత్రం కొడుకు మీద కోపమే. "ఒరే, ఇల్లంతా సిత్తడి సేసేత్తన్నావు. బయట నిలబడరాదేటి?" అని రోజూ సాధించేది.

ధనరాజు మాట్లాడడు. చేపలెటున్నాయో అడిగితే మాత్రం చెయ్యి చాపి చూపిస్తాడు. అది తెలిశాక రేవులో పడవ నడిపే ఎర్రన్న తెల్లవారకముందే వచ్చి వాకిట్లో నిలబడేవాడు. "దేవమ్మా, ఓపాలి నులుమమ్మా. కవళ్ళ చేపలు ఎటేపున్నాయో మీ అయ్యనడుగుదాం."

పడవలు నిండుగా వచ్చేవి. దుర్గ ఇంటికి వాటా చేపలు అందేవి. దుర్గ కాదనలేదు. ఇల్లు గడవాలి. పైగా పొద్దున్న కూడా మొగుణ్ణి చూసుకోవచ్చు. ఈ రెండో ముక్క ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

దేవికి పద్దెనిమిదో ఏడు వచ్చేసరికి కళ్ళు ఎప్పుడూ దురద పెట్టేవి, ఒక్క దీపం నాలుగు దీపాలై కనబడసాగింది. కళ్ళజోడు మార్చినా మళ్ళీ మసకే. శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరు పద్మకుమారి యంత్రంలో చాలాసేపు చూసింది.

"నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుందమ్మా. నీకది పలచబడి, ముందుకి మొనదేలింది. ఒకప్పుడు ఈ జబ్బులో వాపూ మంటా ఉండవనుకునేవాళ్ళం. ఇప్పుడు కన్నీళ్ళు పరీక్ష చేస్తే ఆ జాడలు దొరుకుతున్నాయి. పైకి కనబడకుండా లోపల రగులుతుంది, పొరని తినేస్తుంది. నులిమిన కొద్దీ ఎగదోసినట్టే. ఎందుకంతగా నులుముతున్నావు?"

"నులిమితే మా అయ్య వస్తాడండి."

"ఎవరొచ్చినా సరే, నులమకూడదు. కళ్ళు దక్కవు."

దురదకి చుక్కల మందు రాసిచ్చింది. అది తగ్గాక కళ్ళలో మందు వేసి, ప్రత్యేకమైన వెలుతురు పెట్టి పొరని గట్టిపరుస్తామంది. పోయిన చూపు రాదు గానీ ఉన్నది నిలుస్తుందట.

తిరిగొస్తూ బస్సులో దుర్గ కూతురి చేతులు రెండూ తన ఒళ్ళో పెట్టుకుంది. రోజూ పిల్లని పిలిచింది తనే కదా. మొగుడి మీద తీపితో పిల్ల కళ్ళని పొయ్యి చేసుకుంది.

మర్నాడు ఎర్రన్నని వాకిట్లోనే ఆపేసింది.

"ఏటి దుర్గా, వలలు కాళీగా వస్తాయి మరి."

"నీ వల నిండడానికి నా పిల్ల గుడ్డిదవ్వాలేటి?"

ఎర్రన్న తలొంచుకుని వెళ్ళిపోయాడు.

గుమ్మం ఆరిపోయింది. తిట్టడానికి మనిషి లేక తాతమ్మ కూడా మాట తగ్గించేసింది. దుర్గ అన్నం ముందర కూర్చుని గుమ్మం కేసే చూసేది. చల్లారిన కంచం అలాగే తీసేసేది. అది చూడలేక ఒక సాయంత్రం దేవి, "ఒక్కపాలేనే అమ్మా" అని కణుపులు కళ్ళకి ఆనించేసింది.

గుమ్మంలో తడి పుట్టింది. పాదాలొచ్చాయి, మోకాళ్ళ దాకా లుంగీ వచ్చింది. దుర్గ ప్రాణం లేచొచ్చింది. అయినా ఒక్క ఉదుటున లేచి కూతురి చేతులు రెండూ లాగి పట్టుకుంది.

"మావా, దాని జోలికి రాకు. నీకు దారి కావాలంటే నాకూ ఉన్నాయి కళ్ళు."

పాదాలు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత నేల ఆరిపోయింది. తెల్లారేసరికి దుర్గ కళ్ళలో ఇసక పోసినట్టు దురద మొదలైంది.

వానలు వెనకపట్టాక దేవికి వైద్యం చేశారు. ఆ తర్వాత ఎప్పుడు చూపించుకోడానికి వెళ్ళినా తల్లే తోడెళ్ళేది. ఒకసారి పద్మకుమారి తృప్తిగా నవ్వి, "నిలిచిందమ్మా. ఇంక భయంలేదు" అంది. అని, తలెత్తి దుర్గని చూసింది. "మీ కళ్ళేంటి అంత ఎర్రగా ఉన్నాయి? ఇలా కూర్చోండి, చూస్తాను."

"నాకొద్దులెండి డాక్టరమ్మా. సూడాల్సినోణ్ణి రోజూ సూసుకుంతన్నాను."

దుర్గ లేచింది. గది తలుపు తెరిచే ఉంది. దాని కోసం ఆవిడ గోడ తడుముకుంటుంటే దేవి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.