పదకొండు తర్వాత అతిథులు

కౌన్సిల్ ఆఫీసు నుంచి లైసెన్సుల అధికారి గ్రీవ్స్ ఫోన్ చేసేసరికి నేను మాంసం, అన్నం ఉడికే మందీ కుండ మూత తీస్తున్నాను.

"అర్వా గారూ, మీ దరఖాస్తుకి మద్దతుగా నలభై మూడు ఉత్తరాలు వచ్చాయండీ."

"చాలా సంతోషం."

"మీరు చదివారా?"

"లేదు."

"నేను చదివాను. అందులో నలభై ఒకటి మీ మామయ్య నేరం చేశాడని సాక్ష్యం చెప్తున్నాయి."

మూత నేల మీద పడింది. ఆ చప్పుడుకి వంటగదంతా ఇటు తిరిగింది.

మా రెస్టారెంటు పేరు రైమా. షెఫీల్డ్‌లో మా యెమనీల వీధి చివర ఉంటుంది. ముందు భోజనం, వెనక పెరట్లో హుక్కా. లైసెన్స్ రాత్రి పదకొండు వరకే. దాన్ని రెండింటి దాకా పొడిగించమని దరఖాస్తు పెట్టింది నేను. మూడు వారాల్లో రంజాన్. ఆ ఏడు అది జూన్‌లో పడింది. సూర్యుడు తొమ్మిదీ నలభైకి గానీ దిగడు. ఖర్జూరం, సూప్, అన్నం అయ్యేసరికి పదిన్నర. ఆ తర్వాత మగవాళ్ళు మసీదుకెళ్ళి నమాజు ముగించుకుని, టీ కోసం హుక్కా కోసం నాలుక పీక్కుపోతూ వచ్చేసరికి పన్నెండున్నర. అప్పటికి మా షట్టరు దిగి ఉంటుంది, కొత్తగా వచ్చేవాళ్ళని లోపలికి రానివ్వం. కిందటి రంజాన్‌కి అందరూ ఊరి అవతల కొత్తగా పెట్టిన చోటుకి పోయారు. సగం మంది మళ్ళీ రాలేదు. ఇంకో రంజాన్ అలాగే గడిస్తే రైమా మూసుకోవాల్సిందే.

అందుకే వాసె మామయ్య, నాతో ఒక్క ముక్క అనకుండా, వచ్చిన ప్రతి కస్టమరునీ పట్టుకుని కౌన్సిల్‌కి ఉత్తరం రాయమన్నాడు.

"ఒకటి వినండి," అన్నాడు గ్రీవ్స్. "హాజీ ముక్బిల్, టాక్సీ డ్రైవర్. 'ఆరేళ్ళుగా ప్రతి రాత్రీ రెండింటి దాకా రైమా పెరట్లో హుక్కా తాగుతున్నాను. ఒక్కనాడు కూడా గొడవ జరగలేదు. అల్లా సాక్షి.' ఇంకొకాయన పళ్ళ డాక్టరు. రాత్రి ఒంటిగంటకి మీరిచ్చే అల్లం టీ గురించి పేజీన్నర రాశాడు. మరొకాయన పెరటి పటం గీసి తన కుర్చీ ఎక్కడుంటుందో బాణం గుర్తు పెట్టాడు."

"వాటిని వెనక్కి తీసుకోవచ్చా?"

"కమిటీకి పంపేశాం. పదకొండు దాటాక లైసెన్స్ లేకుండా వేడి తిండీ టీలూ అమ్మితే నేరమండీ. కొత్త సమయం సంగతి అటుంచండి, ఉన్న లైసెన్సే పోవచ్చు. గురువారం పొద్దున పదింటికి విచారణ."

మామయ్య పెరట్లో హుక్కా గొట్టాలు కడుగుతున్నాడు.

"మామయ్యా, నీ ఉత్తరాలు కొంప ముంచాయి."

"ముక్బిల్ది చదివావా? వాడు అంత బాగా రాస్తాడని నాకే తెలీదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

"ఆ నీళ్ళు దాచి పెట్టు, గురువారం పనికొస్తాయి."

జరిగింది చెప్పాను. ఆయన గొట్టం దులిపి తాడు మీద ఆరేశాడు.

"అమ్మితే కదా నేరం? నేనెక్కడ అమ్మాను? పదకొండు దాకా వాళ్ళు కస్టమర్లు. ఆ తర్వాత అతిథులు."

అది అక్షరాలా నిజం. రెండేళ్ళ కిందట మేనేజరుగా చేరినప్పుడు నేను మొదట కనిపెట్టింది అదే. సరిగ్గా పదకొండింటికి మామయ్య ముందు దీపం ఆర్పుతాడు, షట్టరు సగం దించుతాడు, గల్లాపెట్టెకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంటాడు. కూర్చున్నవాళ్ళని లెమ్మని మాత్రం అనడు. గడప లోపల కూర్చున్న మనిషిని "ఇంక వెళ్ళు" అనడం కంటే కొట్టు అమ్ముకోవడం మేలంటాడు. ఇక మూడు గంటల పాటు టీ ఉచితం, హుక్కా ఉచితం, ఆకలేస్తే అప్పటికప్పుడు కాల్చిన రొట్టె ఉచితం. సాయంత్రం సంపాదించింది రాత్రికి పొగైపోతుంది. ఇచ్చేదేదో అమ్ముకోనివ్వండి అనే నేను దరఖాస్తు పెట్టింది.

"అయితే బతికిపోయాం!" అన్నాను. "ఊరికే ఇస్తే నేరం కాదు. గురువారం ఆ ఒక్క మాట చెప్పు. పదకొండు తర్వాత ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదని."

మామయ్య ముఖం మాడిపోయింది.

"చెప్పను."

"ఎందుకు?"

"వాళ్ళంతా నా కోసం అక్కడికి వస్తున్నారు. వాళ్ళ ఎదురుగా నిలబడి, వీళ్ళకి ఆరేళ్ళు ఊరికే పెట్టానని చెప్పాలా? పెట్టింది చెప్పుకునేవాడు మనిషేనా?"

"లైసెన్స్ పోతుంది."

"పోనీ. పరువు మిగుల్తుంది. నువ్వూ నోరు విప్పనని మీ అమ్మమ్మ మీద ఒట్టు వెయ్యి."

వెయ్యక తప్పింది కాదు. అటునుంచి అటే టాక్సీ స్టాండుకి పరిగెత్తాను. ముక్బిల్ బండిలో పొట్ట మీద చేతులు పెట్టుకుని కునుకు తీస్తున్నాడు.

"హాజీ, నువ్వైనా చెప్పు. వాసె నా దగ్గర ఎప్పుడూ డబ్బు తీసుకోలేదని."

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "నేనా? ఆరేళ్ళు అప్పనంగా తాగానని పదిమందిలో చెప్పాలా? పిల్లకి సంబంధాలు చూస్తున్నామే తల్లీ!"

"ఇవ్వకపోవడం నిజమేగా?"

"ఇవ్వబోతూనే ఉన్నాను! తీసుకోంది మీ మామయ్య! ఆయన్నే చెప్పమను."

ఇద్దరూ ఇద్దరే. మరోపక్క మిసెస్ హ్యాడ్‌ఫీల్డ్ ఉండనే ఉంది. పక్కింటావిడ, డెబ్బై దాటాయి, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. దరఖాస్తుకి అభ్యంతరం చెప్పిన ఏకైక మనిషి. రెండేళ్ళుగా మా చప్పుళ్ళన్నీ నిమిషాలతో సహా ఆకుపచ్చ నోటుబుక్కులో రాస్తోంది. మొన్న శుక్రవారం మామయ్య ఆవిడకి తేనె రొట్టె పంపాడు. ప్లేటు కడిగి తిరిగిచ్చింది. అభ్యంతరం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

గురువారం పదింటికి కమిటీ హాల్లో నలభై ఒక్క మంది, ఈద్‌కి దాచుకున్న కోట్లు తొడుక్కుని వచ్చారు. ఒకరికొకరు సలాములు చెప్పుకోవడానికే పావుగంట పట్టింది. చైర్మన్ కుర్చీలో ఉన్నావిడ బల్ల మీద రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది.

ఆవిడ నేరుగా విషయానికొచ్చింది.

"మిస్టర్ వాసె, రాత్రి పదకొండు తర్వాత మీ పెరట్లో టీలూ భోజనాలూ నడుస్తున్నాయని మీ వాళ్ళే రాశారు. వాటికి డబ్బు తీసుకున్నారా, లేదా?"

మామయ్య వెనక్కి చూశాడు. నలభై ఒక్క మంది తమ బూట్ల వంక చూసుకుంటున్నారు.

"అమ్మా, అది నాకూ వాళ్ళకీ మధ్య సంగతి."

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. కదల్లేదు.

"జవాబు చెప్పకపోతే తీసుకున్నారనే అనుకోవాల్సి వస్తుంది."

"మీ ఇష్టం."

గ్రీవ్స్ కలం మూత తీశాడు. ఆయన ముందున్న కాగితం మీద 'రద్దు' అన్న మాట తలకిందులుగా కూడా నాకు స్పష్టంగా కనిపించింది. నోరు విప్పుదామంటే అమ్మమ్మ మీద ఒట్టు అడ్డొచ్చింది.

"ఇక అభ్యంతరం చెప్పేవారు," అంది చైర్మన్.

మిసెస్ హ్యాడ్‌ఫీల్డ్ లేచి, కళ్ళజోడు సర్దుకుని, నోటుబుక్కు తెరిచింది.

"మార్చి నాలుగు. రాత్రి పదీ యాభై ఎనిమిది. వీధిలో వీడ్కోలు మొదలైంది. పదకొండూ పది. వీడ్కోలు సాగుతోంది. పదకొండూ పద్దెనిమిది. బట్టతలాయన కారెక్కాడు. పదకొండూ ఇరవై. దిగాడు. మళ్ళీ కావలించుకున్నాడు. పదకొండూ ముప్పై ఒకటి. కారు వెళ్ళింది. పదకొండూ ముప్పై మూడు. ఆ కారే తిరిగొచ్చింది. ఒకాయనకి సలాం చెప్పడం మర్చిపోయాడట."

వెనక వరసలో బట్టతల పళ్ళ డాక్టరు కుర్చీలో ఇంకా కిందికి జారాడు.

"పన్నెండూ నలభై," ఆవిడ పేజీ తిప్పింది. "పెరట్లో లావుపాటి టాక్సీ ఆయన నోట్లు తీశాడు. యజమాని అరిచాడు. నోట్లు తిరిగి ఆయన జేబులోనే కుక్కాడు. టాక్సీ ఆయన వాటిని టీ గ్లాసు కింద పెట్టి పారిపోయాడు. యజమాని వెంటపడి, కారు కిటికీలోంచి లోపలికి విసిరాడు. ఇద్దరూ దేవుడి మీద ఒట్లు వేసుకున్నారు. మొత్తం ఏడు నిమిషాలు."

గ్రీవ్స్ కలం గాల్లోనే ఆగిపోయింది.

"అది మళ్ళీ చదవండి," అంది చైర్మన్.

ఆవిడ చదివింది.

"ఇలా ఎన్నిసార్లు జరిగింది?"

"ప్రతి రాత్రీ! ఇదే కదా నా గోల! ఒక్కో రోజు ముగ్గురితో. ఎప్పుడూ ఈయనే గెలుస్తాడు. ఒక్కసారి టాక్సీ ఆయన గెలిచాడు. ఈయన తెల్లారి ఆ నోటు పట్టుకుని, వాళ్ళ ఇల్లు ఎక్కడని నన్ను అడిగాడు."

"అంటే ఆయన ఎవరి దగ్గరా పెన్నీ కూడా తీసుకోలేదు?"

"ఎక్కడ తీసుకున్నాడు? తీసుకుంటే నేను నిద్రపోదును!"

"మిగతా రాత్రంతా?"

"చప్పుడే ఉండదు. డామినోలు కూడా తువ్వాలు పరుచుకుని ఆడతారు." ఆవిడ పుస్తకం టప్పున మూసింది. "రెండింటి దాకా తెరుచుకోండి, మూడింటి దాకా తెరుచుకోండి, నాకేం? ఆ డబ్బు తీసుకోమనండి. వీడ్కోళ్ళు లోపల చెప్పుకోమనండి. అంతే."

కమిటీ పక్కగదిలోకి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. రెండింటి దాకా అనుమతి ఇచ్చారు. షరతులు రెండు. ఒకటి, వీడ్కోళ్ళు తలుపు లోపలే ముగించాలి. రెండు, పదకొండు తర్వాత కూర్చున్న ప్రతి మనిషికీ బిల్లు వేయాలి.

"ప్రతి ఒక్కరికీనా?" అన్నాడు మామయ్య.

"ప్రతి ఒక్కరికీ. ఇది ఆదేశం."

మామయ్య మెల్లగా వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తాడు. "విన్నారుగా! నా తప్పేం లేదు."

అందరికంటే ముందు ముక్బిల్ లేచాడు. "అల్హమ్దులిల్లా! ఆరేళ్ళుగా రెండో గ్లాసు టీ అడగడానికి సిగ్గుపడి చస్తున్నాను!"

"నేను రొట్టె," అన్నాడు పళ్ళ డాక్టరు.

రంజాన్ మొదటి రాత్రి రైమాలో నిలబడడానికి చోటు లేదు. పదకొండు నుంచి గల్లా దగ్గర నేను కూర్చోవాలని ఒప్పందం. ఆ సమయానికి మామయ్య వంటగదిలోకి పోయి దాక్కోవాలి, నోట్లు కళ్ళబడకుండా.

ఆ సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి మిసెస్ హ్యాడ్‌ఫీల్డ్‌ని ఆయనే వెళ్ళి పిలుచుకొచ్చాడు. ఆవిడ సూప్ తాగింది, మందీ తింది, పదిన్నరకి లేచింది. "అప్పుడేనా? వల్లా, దేవుడి మీద ఒట్టు, కూర్చోవాలి!" అన్నాడు ముక్బిల్. ఇంకో టీ వచ్చింది. పదీ నలభైకి మళ్ళీ లేచింది. పళ్ళ డాక్టరు ఆవిడ కోటు పట్టుకున్నాడు గానీ తొడగలేదు. తలుపు దాకా రావడానికి ఆవిడకి పాతిక నిమిషాలు పట్టింది. వీడ్కోలంతా షరతు ప్రకారం లోపలే జరిగింది.

గోడ గడియారం వంక చూసి ఆవిడ పర్సు తీసింది.

"పదకొండూ అయిదు. ప్రతి మనిషికీ బిల్లు అన్నారు కదమ్మాయ్?"

నేను జవాబు చెప్పేలోపే వంటగది తలుపు ధడాలున తెరుచుకుంది. మామయ్య పిండి చేతులతో పరిగెత్తుకొచ్చాడు.

మర్నాడు పొద్దున మా తలుపు కింద ఆకుపచ్చ నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఉంది.

"రాత్రి పదకొండూ అయిదు. నేను నోటు తీశాను. యజమాని అరిచాడు. నోటు నా కోటు జేబులో కుక్కాడు. ఏడు నిమిషాలు. ఖర్జూరాల ప్లేటు కింద చూసుకోండి. నేనే గెలిచాను."