కొప్పు కాపాడిన వ్యోమగామి

మా మనవరాలు చంద్రుడి మీద గుడ్డును దింపబోతోందని వీధంతా చాటేశాను. నిజానికి చంద్రుడంటే వాళ్ళ బడి ఆవరణ. పిల్లలు తయారు చేసిన వాహనాలను మూడో అంతస్తు వరండా నుంచి కిందికి వదలాలి. లోపల వ్యోమగామికి బదులు కోడిగుడ్డు. గుడ్డు చిట్లకుండా దింపిన పిల్లలను రాకెట్ ప్రయోగం చూడటానికి తీసుకెళ్తారు. అందుకోసం మా పిల్ల నెల రోజులుగా ఆటలు మానేసింది.

"నీ వయసులో నేను గొడుగు పట్టుకుని గడ్డివాము మీంచి దూకాను. గాలి తీసుకెళ్ళి పక్క ఊళ్ళో దింపింది. దారిలో కొంగలు పలకరించాయి" అన్నాను.

"గాలి వేగమెంత తాతయ్యా?"

"కొంగలు చెప్పలేదు."

"అయితే ఈ దారం పట్టుకో."

పాత గొడుగు బట్టతో పారాచూటు, స్ట్రాలతో కాళ్ళు, గుడ్డు చుట్టూ స్పాంజి, పైన వెండిరంగు కాగితం, ఒక జెండా. డాబా మీంచి వాకిట్లోకి వదిలి చూసేవాళ్ళం. స్పాంజి తడవకపోతే గెలిచినట్టే. ఒక్కసారీ తడవలేదు. మా ఆవిడే గుడ్డు తెచ్చి లోపల పెట్టేది, దిగగానే తీసుకెళ్ళేది. మరుక్షణం అది ఉప్పూ మిరియాలతో నా పళ్ళెంలో ఉండేది. అంత తొందరగా ఎలా ఉడికిందని అడిగే తెలివుంటే నేనూ శాస్త్రవేత్తనయ్యేవాణ్ణి.

పోటీనాడు మేమిద్దరమూ పిల్ల వెంట బడికి వెళ్ళాం. సైన్సు టీచరమ్మ తన బుట్టలోంచి పిల్లలకు తలా ఒక గుడ్డు ఇచ్చింది. మా పిల్ల దాన్ని చెవి దగ్గర ఊపి చూసింది. ముఖం పాలిపోయింది.

"నాయనమ్మా, ఇది లోపల కదులుతోంది. మనవి కదిలేవి కావు."

"అవి ఉడకబెట్టినవి కదే" అంది మా ఆవిడ, కళ్ళజోడు సర్దుకుంటూ. "పచ్చివి పగిలితే వాకిలి ఎవరు కడుగుతారు? మీ తాతయ్యా?"

"పెంకులు చిట్లేవా?"

"అన్నీ చిట్లేవి. ఒలవడానికి భలే వీలుగా ఉండేవి."

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఏడవలేదు గానీ, జెండా పీకేసింది, వెండి కాగితం చించేసింది. "బరువు తగ్గించాను. ఇప్పుడు తేలిగ్గా, మెత్తగా ఏదైనా కావాలి. స్పాంజి ఒక్కటే చాలదు."

మా ఆవిడ అటూ ఇటూ చూసింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి, తన కొప్పులోంచి గుప్పెడు సవరం బయటికి లాగింది. "చుట్టు. మీ తాతయ్య వంక చూడకు."

పెళ్ళయిననాటి నుంచీ నేను పొగుడుతున్న కొప్పు అది.

వాహనం గాల్లో ఒక పక్కకి ఒరిగింది. నేలను తాకి ఒక కాలు విరగ్గొట్టుకుంది. టీచరమ్మ గుడ్డు బయటికి తీసి, వెలుతురుకి పట్టి, చుట్టూ తిప్పి చూసింది. సన్నగీత కూడా లేదు.

"బాగుందమ్మా, నువ్వూ వస్తున్నావు. ఇంతకీ ఈ నల్లటి మెత్త ఏమిటి?"

"కుటుంబ రహస్యం టీచర్."

ఇంటికి వస్తూ దారిలో అడిగాను, "ఇన్నేళ్ళూ నేను పొగిడింది ఎవరి జుట్టునే?"

"కొంగలు పలకరించాయంటే నేను నమ్మలేదూ?" అంది మా ఆవిడ, మిగిలిన పిడికెడు కొప్పు ముడేసుకుంటూ. "మీరూ నమ్మండి."