ఇరవై నాలుగో బొమ్మ

మా బావ సాయి కుమార్‌కు నా ముఖం గుర్తుండదని నాకు ఎనిమిదేళ్లుగా గట్టి అనుమానం. బావ అంటే నా మొగుడే. ఉప్పల్‌లో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. ఊళ్లో ఉన్న పెళ్లికూతుళ్లందరినీ రోజూ పది గంటలు కళ్లార్పకుండా చూస్తాడు. ఏ పిల్ల ఎప్పుడు నవ్విందో, ఎవరి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందో సెకన్లతో సహా చెప్తాడు. ఇంటికొచ్చాక మాత్రం నేను కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా "అన్నం పెట్టు" అంటాడు. ఒకసారి పరీక్ష పెట్టాను. కళ్లు మూయించి, ఇవాళ నేను ఏ రంగు జాకెట్టు వేసుకున్నానో చెప్పమన్నాను.

"కుట్టుకున్నది నువ్వే గదా, నీకు తెల్వదా?" అన్నాడు.

నేను నాచారంలో మా ఇంటి ముందుగదిలోనే టైలరింగ్ చేస్తాను. నా కస్టమర్లలో హైమావతి ఆంటీ ఒకరు. వాళ్లాయన ఉమామహేశ్వర్ సార్ రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక పాటలు రాయడం మొదలుపెట్టారు. అందులో ఒకటి 'ఎదురుచూపు' అని, పని నుంచి వచ్చే మొగుడి కోసం పొద్దుగూకే వేళ కాచుకునే ఇల్లాలి పాట. పాడించి రికార్డు కూడా చేయించారట, ఇక వీడియో తీయించాలట. ఆది జాకెట్టు ఇస్తూ ఆంటీ ఆ మాట అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎందుకంటే బావకున్న ఆశ ఒక్కటే. ఇన్నేళ్లూ పక్కవాళ్లు తీసిన వాటికి అతుకులు వేశాడు. జన్మలో ఒక్క పాటైనా తాను తీయాలి. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే నోరూ లేదు. అందుకని ఆ నోరేదో నేనే అయి, "మా బావ తీస్తడు ఆంటీ, మస్తు తీస్తడు" అని మాటిచ్చేశాను.

ఉమామహేశ్వర్ సార్ బావను పిలిపించి ఒకటే షరతు పెట్టారు. "బాబూ, నేను ముప్పై నాలుగేళ్లు డ్రాయింగ్ లేకుండా ఒక్క బోల్టు కూడా బిగించనివ్వలేదు. కాగితం మీద లేనిది కెమెరాలోకి రాకూడదు. మొదటి షాటు నుంచి చివరి షాటు దాకా బొమ్మలు గీసి చూపించు. వచ్చే నెల మొదటి ఆదివారం పదింటికి మీ ఇంటికే వస్తాం. నచ్చితే నువ్వే తీయి. లేదంటే సైనిక్‌పురి కుర్రాళ్లు అడుగుతున్నారు, వాళ్ల దగ్గర డ్రోను కూడా ఉంది."

బావ పన్నెండు రోజులు గీశాడు. డ్యూటీ నుంచి వచ్చి, తిని, నేలమీద బోర్లా పడుకుని గీసేవాడు. నేను అటు వెళ్తే పరీక్ష హాల్లో పిల్లాడిలా మోచెయ్యి అడ్డం పెట్టేవాడు. "పూర్తయినంక సూద్దువు తీ" అనేవాడు. నాకు ఒళ్లు మండింది. కట్టుకున్న పెళ్లాం చూడకూడని బొమ్మలేమిటో అర్థం కాలేదు. హీరోయిన్ ఎవరో సోకైన పిల్ల అయ్యుంటుంది, అందుకే దాస్తున్నాడనుకున్నాను. అనుకుని ఆ వైపు చూడటమే మానేశాను.

ఇక్కడే ఇద్దరం కలిసి ఒక తప్పు చేశాం. కలిసి అని ఇప్పుడంటున్నాను గానీ ఆ రోజు అనలేదు.

నేను ప్రతి కస్టమర్‌కూ కొలతల ప్రకారం ఖాకీ కాగితం మీద కటింగ్ చేసి, పేరు రాసి పెట్టుకుంటాను. ఆ కాగితం ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా ఉంటుంది. నేను స్కెచ్ పెన్నుతో నున్నటి వైపు గీస్తాను. పెన్సిల్ బాగా పట్టేది గరుకు వైపు. బావ నన్ను అడగకుండానే నా కట్టలోంచి నాలుగు షీట్లు తీసుకుని, గరుకు వైపు షీటుకు ఆరు చొప్పున ఇరవై నాలుగు బొమ్మలు గీశాడు. గీసి, భద్రంగా ఉంటాయని చుట్టచుట్టి మళ్లీ నా కాగితాల మూలలోనే నిలబెట్టాడు.

శనివారం మధ్యాహ్నం నాకు హరిచందన అనే కస్టమర్ పెళ్లి జాకెట్లు మీదపడ్డాయి. పెళ్లికూతురు, తల్లి, అక్క, మేనత్త, మొత్తం నలుగురు. మూలకు చూస్తే ఎవరో కొలిచి పెట్టినట్టు సరిగ్గా నాలుగు షీట్ల చుట్ట కనిపించింది. అదృష్టం అనుకున్నాను. అలవాటు కొద్దీ చూడకుండానే గరుకు వైపు లోపలికి మడిచి, నున్నటి వైపు గీతలు గీసి, నాలుగింటినీ కోసేశాను. మడత విప్పాల్సిన పని కూడా పడలేదు, అట్లాగే బట్ట మీద పెట్టుకుని కత్తిరించాను.

ఏడింటికి బావ వచ్చాడు. స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగి, మూల వైపు చూశాడు.

"శిరీ, నా బొమ్మలేవి?"

"ఏం బొమ్మలు?"

"పాట బొమ్మలే. గీ మూలకే పెట్టిన గదా, ఖాకీ కాయిదాల మీద గీసినయి."

నా చేతిలో హరిచందన మేనత్త జాకెట్టు వెనక ముక్క కాగితం ఉంది. మెల్లగా మడత విప్పాను. లోపల ఒక సగం గల్లీ, ఒక గుమ్మం, గుమ్మంలో ఒక మనిషి మొండెం ఉన్నాయి. తల ఉండాల్సిన చోట డీప్ నెక్ ఉంది.

"అయ్యో," అన్నాను. వెంటనే మాట మార్చి, "నా కాయిదాలు నన్ను అడగకుండ ఎవలు తీస్కొమ్మన్నరు నిన్ను?" అని అరిచాను.

"కోస్తె కోసినవ్, జర తిప్పి సూడొద్దా?"

"పన్నెండు దినాలు నువ్వు సూడనిచ్చినవా నన్ను?"

బావ పోట్లాడితే నాకు ధైర్యంగా ఉండేది. కానీ ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని, వేలితో గీతలు తడుముతూ, "పోనీ తియ్యి. మనకు రాసిపెట్టి లేదు. సార్‌కు ఫోన్ జేసి చెప్త," అన్నాడు. ఆ మాటతో నా కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"ఫోన్ గీన్ ఏం లేదు. చిరిగిన పెళ్లి జాకెట్లు అతికి ఇచ్చిన చేతులివి. కాయిదం అతకనా?" అన్నాను.

కటింగ్ బల్ల ఖాళీ చేసి ముక్కలన్నీ పరిచాం. ముందు ముక్కలు, వెనక ముక్కలు, బెల్టులు, చేతులు. అంచులను బట్టి నేను కలుపుతుంటే కథను బట్టి బావ సరిచేశాడు. ఇరవై రెండు బొమ్మలు లెక్కకొచ్చాయి. చివరి రెండూ పెళ్లికూతురి చేతుల ముక్క మీద ఉండాలి. ఆ ముక్కను మగ్గం వర్క్ కొలత కోసం నేనే మధ్యాహ్నం లాలాపేట్‌లో మగ్గం పనిచేసే శివకు పంపించాను. ఫోన్ చేస్తే అన్నోజిగూడలో దావత్‌లో ఉన్నానన్నాడు. షాపుకు తాళం వేసి పోయాడు, సోమవారం గానీ రాడు.

"రెండే గదా, నువ్వు మల్ల గియ్యి," అన్నాను.

"ఇరవై మూడోది గీస్త. ఆఖరిది ఐదు దినాలు పట్టింది శిరీ. ఆ కాలు నాకు మల్ల కుదరది," అన్నాడు. ఏ కాలో నేను అడగలేదు. తలల గొడవలో ఉన్నాను.

ఆ పిల్ల ముఖం ఉన్నవన్నీ మెడలు కోసిన చోటే పడ్డాయి, బొమ్మలకు తలల్లేవు. పీలికల సంచి బోర్లించి వెతికాను. గుండ్రటి ముక్కలు ఒక్కొక్కటే దొరికాయి. ఆ పిల్ల ఎవరో చూద్దామని మొదటిదాన్ని వెలుతురుకు పట్టాను.

మెడలో కొలతల టేపు ఉంది. పెదవుల మధ్య గుండుసూదులు ఉన్నాయి. కుడి చెవికి కమ్మ ఉంది, ఎడమ చెవి బోసిగా ఉంది. ఫోన్‌ను భుజానికి నొక్కి పెట్టుకుని కుట్టేటప్పుడు గుచ్చుకుంటుందని నేను పొద్దున్నే ఎడమ చెవి కమ్మ తీసి దారాల డబ్బాలో వేస్తాను. ఈ సంగతి మా అమ్మకు కూడా తెలియదు.

"బావా, గీమె ఎవరు?"

"హీరోయిన్."

"హీరోయిన్‌కు ఒక్క చెవికే కమ్మ ఉంటదా?"

బావ టేపు అతికించడంలో చాలా బిజీ అయిపోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. రెండూ చూపించడం ఇష్టంలేక తలలన్నీ వరుసగా అతికించాను. ఏడు తలలు. ఏడూ నావే.

ఆదివారం సరిగ్గా పదింటికి సార్, ఆంటీ వచ్చారు. బల్ల మీద పరిచిన ముక్కలు చూసి సార్ కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఇదేమిటమ్మా, జాకెట్టు కదా?"

"జాకెట్టే సార్. కోసింది నేనే, ఆయన తప్పు లేదు," అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సార్ నవ్వలేదు. జేబులోంచి చిన్న స్కేలు తీసి, ఒక్కో బొమ్మ మీద పెట్టుకుంటూ బల్ల చుట్టూ తిరిగారు. బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా వీపంతా తడిసింది. ఊరికే నిలబడలేక నేను మిషన్ దగ్గర కూర్చుని హరిచందన తల్లి జాకెట్టు ముందేసుకున్నాను.

సార్ తొమ్మిదో బొమ్మ దగ్గర ఆగారు.

"నేను పొలం గట్టు రాశాను. నువ్వు కుట్టుమిషన్ గీశావు."

బావ "మారుస్త సార్" అంటాడేమోనని నాకు భయమేసింది. అన్నాడంటే ఆ ఏడు తలలూ పోతాయి. అనకపోతే పాట పోతుంది. బావ నా వైపు ఒకసారి చూశాడు.

"గట్టు మీద కూసున్నామెను నేనెన్నడు సూడలే సార్. నేను సూసింది గిదే," అన్నాడు.

సార్ స్కేలు బల్ల మీద పెట్టేశారు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆంటీ ముందుకొచ్చి ఆ బొమ్మ మీదికి వంగారు.

"మీ కోసం నేను ఏ గట్టు మీద కూర్చున్నానండీ? క్వార్టర్స్‌లో మీరొచ్చేదాకా బియ్యంలో రాళ్లు ఏరాను, పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను, స్వెట్టర్లు అల్లాను. ఊరికే కూర్చుని ఎదురుచూసే తీరిక నాకెప్పుడిచ్చారు?"

సార్ మళ్లీ స్కేలు తీసుకుని పదో బొమ్మ దగ్గరికి జరిగారు. ఇరవై మూడు దాకా కొలుచుకుంటూ పోయారు.

"చివరిది ఏదీ?"

"దొరకలే సార్," అన్నాడు బావ.

"మరి షరతు?"

"నోటితోని చెప్త సార్, ఇనున్రి." అన్నాడు బావ. "మొగడు అస్తడు. గడప కాడ నిలవడ్తడు. ఆమె తలకాయ ఎత్తదు, మిషన్ ఆపది. కాలుతోని స్టూలు ఆయన దిక్కు నూకుతది, కూసోమని. గంతే సార్. పాట అయిపోతది."

"ఒక్క మాట కూడా మాట్లాడదా?"

"నోట్ల సూదులుంటయి సార్."

"అతని ముఖమైనా చూడకుండా ఎవరొచ్చారో ఎలా తెలుస్తుంది?"

"అడుగు సప్పుడు గుర్తువడ్తది. ఎనిమిదేండ్ల సంది రోజు సూస్తున్న సార్. ఒక్కదినం గూడ తప్పలే."

నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. స్టూలు నేను నూకుతానా? నాకు తెలియదు. బావ వచ్చేసరికి స్టూలు అక్కడే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. నన్ను చూడడని ఎనిమిదేళ్లు అలిగాను. గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు తల ఎత్తనిది నేను. సిగ్గేసింది. బావ మీద పట్టరానంత ప్రేమ కూడా కలిగింది.

సార్ ఆంటీ వైపు చాలాసేపు చూశారు. తర్వాత స్కేలు జేబులో పెట్టుకున్నారు.

"దీనికి డ్రాయింగ్ అక్కర్లేదు. నువ్వే తీయి. ఆ వేషం వేసే పిల్లెవరో గానీ, ముందు ఒక వారం ఈ అమ్మాయి పక్కన కూర్చోబెట్టు," అన్నారు.

మర్నాడు సాయంత్రం ఏడింటికి గల్లీలో చెప్పుల చప్పుడైంది. అది బావదేనని చూడకుండానే తెలిసింది. మిషన్ ఆపాను. నోట్లో సూదులు తీసి డబ్బాలో వేశాను. తల ఎత్తి, గుమ్మంలో నిలబడ్డ మనిషిని తృప్తిగా చూశాను. నీలం గళ్ల చొక్కా వేసుకున్నాడు, పైగుండీ ఊడిపోయి ఉంది.

బావ ముఖం పాలిపోయింది.

"ఏమైంది శిరీ? మల్ల ఏమన్న కోసినవా?"

లేదని తల ఊపాను. స్టూలు మాత్రం నా కాలు అప్పటికే జరిపేసింది.