రెండో స్విచ్

ఏసీ కింద పెట్టిన బకెట్ నిండింది. ప్రమీల దాన్ని బయట పారబోసి వచ్చి, పొడిగుడ్డతో సర్వర్లు తుడవసాగింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇండ్లకు ఇంటర్‌నెట్ పంపే ఇరుకు గది అది. రెండు సర్వర్లు, వాటి పైన వైర్లన్నీ వచ్చి కలిసే రెండు స్విచ్ పెట్టెలు. ఒక్కో సర్వర్ నుంచి ఒక వైరు పై స్విచ్‌కు, ఇంకోటి కింది స్విచ్‌కు. రెండు వైర్లూ కలిసి మోస్తే వేగం రెట్టింపు. ఒక స్విచ్ చచ్చినా రెండోది పని ఆగనివ్వదు. అట్లా జోడించి కట్టింది ప్రమీలే.

ఇవాళ కింది స్విచ్‌లోని సర్వర్ వైర్లను తీసి, వాటినీ పై స్విచ్‌లోనే గుచ్చింది. సెట్టింగులు దానికి తగ్గట్టు మార్చింది. పెద్ద ఫైలొకటి ఈ సర్వర్ నుంచి ఆ సర్వర్‌కు పంపి చూసుకుంది. వేగం ఎప్పటిలాగే ఉంది. ఊళ్ళకు పోయే లైన్లు రెండింటికీ ఉన్నాయి గనుక కింది స్విచ్ కూడా పచ్చగా మెరుస్తూనే ఉంది. ఏ తేడా కనబడదు.

ప్రమీల పొట్టి మనిషి. ఎండకు కమిలిన చెంపలు. వైర్ల కొనలు ఒలిచి ఒలిచి బొటనవేళ్ళ చర్మం గట్టిపడింది. ఆఫీసులో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ.

ఆమె అన్న రాజేశ్ ఈ ఆఫీసులోనే లైన్‌మన్. ఎల్లారెడ్డి తోవలో, వానలో, కరెంటు స్తంభం మీద కేబుల్ లాగుతూ పడి చచ్చిపోయాడు. "వాడెవడో మాకు తెల్వదు. వైరు కోసుకపోనీకె వచ్చిండు" అని ఓనర్ శ్రావణ్ పోలీసులకు చెప్పాడు. గాంధారి దగ్గరి తండా అంతా వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటే, పాలిటెక్నిక్ చదివిన చెల్లెలికి ఉద్యోగమిచ్చి వాళ్ళను లేపాడు. కాగితాల్లో మాత్రం రాజేశ్ దొంగగానే మిగిలాడు. సంతలో వాళ్ళ యాడి కేస్లి ఉల్లిగడ్డలు ఏరుతుంటే, దొంగ తల్లి అని దుకాణపోడు ఆమె చేతుల మీదే కన్నేసి ఉంచుతాడు. అది చూసినప్పుడల్లా ప్రమీల పళ్ళు కొరికేది. మర్నాడు వచ్చి శ్రావణ్‌కు నమస్తే పెట్టేది.

ఆఫీసును కొనడానికి హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం ఇద్దరొచ్చారు. ఒకాయన నెరిసిన జుట్టు ఇంజనీరు. ఆయన వెంట ఒక లెక్కలామె. పాత లైన్‌మన్ యాకూబు చాయ్ తెచ్చిపెట్టి గోడవారగా నిలబడ్డాడు.

"ఒక స్విచ్ బందైనా మా నెట్ ఆగదు సార్, చూడుండ్రి" అంటూ శ్రావణ్ చేతికందే పై స్విచ్‌ను ఆపాడు. ఎవరొచ్చినా అతను ఆపి చూపేది దాన్నే. ప్రమీలకు తెలుసు.

కంప్యూటర్ తెర మీద నెట్ వేగం చూపే అంకెలు సున్నాకు పడ్డాయి. బయట ఫోన్లు ఒకదాని వెంట ఒకటి మోగాయి. శ్రావణ్ గబగబా స్విచ్ మళ్ళీ వేశాడు. అది తేరుకునేలోగా ఇంజనీరు వంగి వైర్లను వేలితో వెంబడించాడు.

"అన్నీ దీంట్లోకే వచ్చినయి. ఎవరు కట్టారు?"

"నేనే సార్. పొద్దున మార్చిన" అంది ప్రమీల.

శ్రావణ్ ముఖంలో నెత్తురు లేదు. ఆ ముఖాన్ని ఆమె తనివితీరా చూసింది.

"ఎందుకు?" అన్నాడు ఇంజనీరు.

"మా అన్న రాజేశ్ ఈయన పంపితేనే స్తంభం ఎక్కిండు. నడుముకు కట్టుకునే బెల్టు సుత ఇయ్యలే. పడి సచ్చినంక దొంగని రాయించిండు. మీరు కొంటున్నది ఏందో తెలుసుకొని కొనుండ్రి."

"పిచ్చిది సార్. వాడు మా మనిషే కాదు" అన్నాడు శ్రావణ్.

యాకూబు గోడ వదిలి ముందుకొచ్చాడు. "మన మనిషే సార్" అన్నాడు నేలను చూస్తూ. "నిచ్చెన పట్టుకున్నది నేనే. నౌకరి పోతదని ఇన్నొద్దులు నోరు మూసుకున్న."

లెక్కలామె తన సంచి భుజాన వేసుకుంది. ఇంజనీరు ఆమె వెనకే బయటికి నడిచాడు.

"నిన్ను పోలీసులకు పట్టిస్త" అన్నాడు శ్రావణ్.

"పట్టియ్యుండ్రి. ఈసారి సరిగ్గ రాయించుండ్రి సార్. మీ కాడ పనిచేసే ప్రమీల అని."

ఆమె కింది స్విచ్ దగ్గర కూర్చుంది. వైర్లను యథాస్థానంలో గుచ్చి, సెట్టింగులు మునుపటిలా చేసింది. ఊళ్ళోవాళ్ళతో ఆమెకు పగ లేదు. లేచి శ్రావణ్ పక్కనుంచే బయటికి వచ్చింది. మెట్ల దగ్గర యాకూబు "బిడ్డా" అన్నాడు.

"మా యాడికి గా మాట నువ్వే వచ్చి చెప్పు యాకూబన్నా."

"ఐతారం వస్త."

బస్టాండు రోడ్డు ఎండకు సలసలమంటోంది. గాంధారి ఆటో ఎక్కి కూర్చున్నాకగానీ అరికాళ్ళు కాలినట్టు తెలియలేదు. ఆటో కదిలింది. ఆమె దిగలేదు.

సర్వర్ గది గుమ్మం పక్కన ఆమె చెప్పులు అట్లాగే ఉండిపోయాయి. ఎడమదాని తెగిన పట్టీకి నీలంరంగు నెట్‌వర్క్ తీగతో వేసుకున్న కుట్టు.